సెలెక్షన్‌లో అన్యాయం జరిగిందా? కోర్టులో నిలబడే కేసు ఇలా తయారు చేసుకోండి

ఫైనల్ లిస్టులో మీ పేరు లేదు. మీకన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్లు అందులో ఉన్నారు. లేదా మీరు పెట్టిన సరైన జవాబును బోర్డు ఇచ్చిన జవాబుల కీ తప్పంది. లేదా నోటిఫికేషన్‌లో ఎక్కడా లేని షరతు ఒకటి చివర్లో వచ్చిపడింది. ఏళ్ల తరబడి రూముల్లో ఉండి చదివినవాళ్లకు ఇది ఎంత కోపం తెప్పిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ కోపాన్ని కోర్టు కేసుగా తీసుకోదు. ఏ నిబంధనను ఉల్లంఘించారు, దానివల్ల మీకు ఏం నష్టం జరిగింది, మీరు ఎంత త్వరగా వచ్చారు అని అడుగుతుంది. నిజంగా అన్యాయం జరిగినవాళ్లు కూడా ఈ ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోకపోవడం వల్లే ఓడిపోతుంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అభ్యర్థులు ఆ జవాబులు ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ వరుసగా చెప్తాను.

ముందు జరిగిన తప్పును ఒక్క వాక్యంలో రాయండి

లాయర్‌ని కలవకముందే ఒక కాగితం తీసుకుని ఇలా రాయండి: "నోటిఫికేషన్‌లోని ఫలానా పేరా ఇలా చెప్తోంది, బోర్డు ఇలా చేసింది, దానివల్ల నాకు రావాల్సిన స్థానం పోయింది." ఈ వాక్యం పూర్తి చేయలేకపోతున్నారంటే మీ దగ్గర ఇంకా కేసు లేదు, అనుమానం మాత్రమే ఉంది. "ఆ సెంటర్ నుంచి చాలామంది సెలెక్ట్ అయ్యారు", "వాడికి పైరవీ ఉంది" అనేవి ఆరా తీయడానికి పనికొస్తాయి, అంతకుమించి వాటిమీద ఆధారపడకండి. దురుద్దేశం అంటగడితే దాన్ని నిరూపించే భారం మొత్తం మీమీదే ఉంటుంది. ఆ భారం చాలా బరువైనదని సుప్రీంకోర్టు 1974లోనే రోయప్ప కేసులో చెప్పింది. నిబంధన ఉల్లంఘనను కాగితాలతో చూపించడం దానికన్నా ఎంతో తేలిక.

మీ వాక్యం ఏ రకం తప్పు కిందకి వస్తుందో చూసుకోండి. దాన్నిబట్టే మీ కేసు బలం తేలుతుంది.

అన్నిటికన్నా గట్టిది, ఆట మధ్యలో నియమాలు మార్చిన కేసు. దీనికి మూలమైన తీర్పు మన దగ్గరి వివాదంలోంచే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జి పోస్టుల ఎంపికలో రాతపరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ అయ్యాక, ఇంటర్వ్యూలో కూడా కనీస మార్కులు రావాలన్న షరతు కొత్తగా పెట్టారు. అది చెల్లదని 2008లో మంజుశ్రీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత దీనిమీద సందేహాలు లేస్తే, 2024 నవంబర్ 7న అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో మంజుశ్రీ తీర్పు సరైనదేనని చెప్పింది. ఎంపిక ప్రక్రియ నోటిఫికేషన్‌తో మొదలై పోస్టులు నింపడంతో ముగుస్తుంది, ఈ మధ్యలో నిబంధనలో గానీ నోటిఫికేషన్‌లో గానీ ముందే వీలు ఉంచుకుంటే తప్ప అర్హత ప్రమాణాలు మార్చకూడదు, అలా వీలున్నా ఆ మార్పు ఏకపక్షంగా ఉండకూడదు అని స్పష్టంగా చెప్పింది. అందుకే నోటిఫికేషన్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా మళ్లీ చదవండి. "మార్పులు చేసే అధికారం బోర్డుకు ఉంది" అనే ఒక్క లైను ఎక్కడైనా ఉందేమో వెతకండి. అవతలి లాయర్ మొదట పట్టుకునేది ఆ లైనునే. 2018 నోటిఫికేషన్ కింద జరిగిన ఏపీ గ్రూప్-1 మెయిన్స్ పేపర్లను డిజిటల్ పద్ధతిలో దిద్దినప్పుడు కూడా, ఆ సంగతి ముందే చెప్పలేదన్న వాదనమీదే అభ్యర్థులు హైకోర్టుకు వెళ్లారు. 2021లో హైకోర్టు చేత్తో మళ్లీ దిద్దమంది.

కీ తప్పుల కేసులు ఎక్కువగా వస్తాయి, గెలిచేవి మాత్రం తక్కువ. కీ సరైనదేనని అనుకునే కోర్టు మొదలుపెడుతుంది. 1983 నాటి కాన్పూర్ యూనివర్సిటీ కేసు ప్రకారం, కీ తప్పని ఎవరికైనా తేటతెల్లంగా కనిపించాలి. లాగి లాగి వాదిస్తే తప్ప తేలని తప్పు సరిపోదు. 2017 డిసెంబర్‌లో వచ్చిన రణ్ విజయ్ సింగ్ తీర్పు ఇంకా గట్టిగా చెప్పింది: సందేహం ఉంటే ఆ లాభం పరీక్ష పెట్టిన సంస్థకే, అభ్యర్థికి కాదు. కాబట్టి కోచింగ్ మెటీరియల్, యూట్యూబ్ వీడియో పట్టుకుని వెళ్లకండి. తెలుగు అకాడమీ పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, చట్టం ప్రతి, ప్రభుత్వ గెజిట్ లాంటివి పేజీ నంబర్‌తో సహా చూపించగలిగితేనే ముందుకు కదలండి. రెండు ప్రామాణిక పుస్తకాలు రెండు రకాలుగా చెప్తుంటే ఆ ప్రశ్నను వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

రిజర్వేషన్ లెక్కల్లో తప్పులు బయటివాళ్లకు సులువుగా కనబడవు. కానీ దొరికితే బలమైనవి. ఓపెన్ కేటగిరీ అంటే ఓసీలకు కేటాయించిన కోటా కాదు, అది మెరిట్ ఉన్న అందరిదీ. ప్రతి కేటగిరీ లోపలా మహిళలకు ఇచ్చే సమాంతర రిజర్వేషన్‌లోనూ ఇదే వర్తిస్తుందని 2020 డిసెంబర్‌లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ సెలెక్షన్‌లో ఓపెన్ మహిళా కోటాలో చివరి అభ్యర్థికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ఓబీసీ మహిళలను పక్కన పెట్టారు. వాళ్లకు ఉద్యోగాలివ్వమని కోర్టు ఆదేశించింది. మీ కేటగిరీ కటాఫ్ ఓపెన్ కటాఫ్‌కన్నా ఎక్కువగా ఉందంటే అక్కడ ఆగి లెక్క చూడండి. లోకల్, నాన్ లోకల్ విభజన వల్ల అలా జరిగిందా, లేక రిజర్వ్‌డ్ అభ్యర్థులను ఓపెన్‌లోకి రానివ్వలేదా అన్నది తేల్చుకోవాలి. రాజ్యాంగం 371-డి అధికరణం కింద స్థానికుల కోటా గురించి వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు, జోన్లు, రోస్టర్ పాయింట్లు (ఏ వరుసలోని పోస్టు ఏ కేటగిరీకి వెళ్లాలో చెప్పేవి) తెలియకుండా ఈ లెక్క తేలదు.

ఇక పరీక్ష నిర్వహణలోనే లోపం ఉంటే అది అందరి కేసు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో జరిగి, పేపర్ లీక్ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో హైకోర్టు సెప్టెంబర్‌లో దాన్నీ రద్దు చేసింది. బయోమెట్రిక్ తీసుకుంటామని నోటిఫికేషన్‌లో రాసి పాటించకపోవడమే అక్కడ కీలకమైంది.

తప్పు జరిగింది సరే, మీకు ఎంత పోయింది?

చాలామంది వదిలేసే పని ఇది. కీలో వివాదం ఉన్న ప్రశ్నలన్నీ మీకు అనుకూలంగా మారితే మీకు ఎన్ని మార్కులు కలుస్తాయో, నెగెటివ్ మార్కులతో సహా లెక్క వేయండి. ప్రశ్నను తొలగించి అందరికీ మార్కు కలిపితే కటాఫ్ కూడా పెరగొచ్చు. అది కూడా చూసుకోండి. మూడు మార్కులు కలిసినా కటాఫ్‌కు ఆరు మార్కుల దూరంలో ఉంటే, తప్పు నిజమే అయినా మీ కేసు మొదటి రోజే వీగిపోవచ్చు. ఈ లెక్కను ఒక పట్టికగా రాసి లాయర్‌కి ఇవ్వండి. వాళ్లకు సగం పని తగ్గుతుంది, జడ్జికి కూడా విషయం ఒక్క చూపులో అర్థమవుతుంది.

కాగితాలు ఆ రోజే దాచుకోండి

వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతిదీ రేపటికి ఉంటుందని అనుకోవద్దు. నోటిఫికేషన్, సవరణలు, వెబ్ నోట్లు, హాల్ టికెట్, ఓఎంఆర్ కార్బన్ కాపీ, ప్రాథమిక కీ, మీరు పెట్టిన అభ్యంతరం, దాని రసీదు, ఫైనల్ కీ, మార్కుల మెమో, మెరిట్ లిస్టు, సెలెక్షన్ లిస్టు, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఇచ్చిన కాగితాలు అన్నీ తేదీ కనబడేలా సేవ్ చేసి ప్రింట్ తీసుకోండి. స్క్రీన్‌షాట్లు, ఫోన్ మెసేజ్‌లు వాడదలుచుకుంటే ఆ ఫోన్‌ను మార్చకండి, మెసేజ్ డిలీట్ చేయకండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాల్సి వస్తుంది.

కీమీద అభ్యంతరాలకు గడువు ఇచ్చినప్పుడు తప్పకుండా పెట్టండి. అప్పుడు మౌనంగా ఉండి ఫలితాలొచ్చాక కోర్టులో అడిగితే, "అప్పుడెందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు కూడా ఇదే సమయంలో వేయండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది సరిగ్గా లేకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయొచ్చు. దిద్దిన మీ జవాబుపత్రం చూసే హక్కు మీకుందని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2018లో యూపీఎస్సీ విషయంలో వచ్చిన అంగేశ్ కుమార్ తీర్పు ఆ హక్కును కొంత కుదించింది, సంస్థలు దాన్ని చూపించి నిరాకరిస్తుంటాయి. ఇతరుల పేపర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిరస్కరించే అవకాశమే ఎక్కువ. "ఎందుకు ఇలా చేశారు?" అని అడగకండి. "ఫలానా పోస్టుకు రోస్టర్ రిజిస్టర్ ప్రతి, కేటగిరీవారీ కటాఫ్ మార్కులు, కీని ఖరారు చేసిన నిపుణుల కమిటీ నివేదిక ప్రతి ఇవ్వండి" అని పత్రం పేరుతో అడగండి.

ఆర్టీఐ జవాబు వచ్చేదాకా కేసు ఆపకండి. రికార్డులు తెప్పించమని కోర్టునే అడగవచ్చు. ఈలోగా ఓఎంఆర్ షీట్లు, సీసీటీవీ ఫుటేజీ ధ్వంసం చేయకుండా భద్రపరచమని సంస్థకు రాసి రసీదు తీసుకోండి. పశ్చిమబెంగాల్ స్కూల్ సర్వీస్ కమిషన్ కేసులో అసలు ఓఎంఆర్ షీట్లు లేకుండా పోవడం వల్లే, తప్పు చేసినవాళ్లెవరో చేయనివాళ్లెవరో వేరుచేయడం కష్టమైంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మొత్తం 25,753 నియామకాల రద్దును సమర్థించింది. ఏ తప్పూ చేయనివాళ్ల ఉద్యోగాలు కూడా పోయాయి.

ఒక వినతిపత్రం, ఒకటే

పిటిషన్‌కు ముందు సంస్థ కార్యదర్శికి ఒక వినతిపత్రం ఇవ్వండి. ఒకటి రెండు పేజీలు చాలు. ఏ నిబంధన, ఏ తప్పు, మీకేం కావాలి, అంతే. రిజిస్టర్డ్ పోస్టులో గానీ, ఇన్‌వార్డులో స్టాంపు వేయించుకుని గానీ ఇవ్వండి. ఈమెయిల్ కూడా పంపండి. వారం పది రోజులు చూసి కదలండి. వినతిమీద వినతి రాస్తూ నెలలు గడిపితే ఆ ఆలస్యం మీ ఖాతాలోనే పడుతుంది. నియామకాలు దగ్గర్లో ఉంటే ఆ వారం కూడా ఆగక్కర్లేదు.

ఏ కోర్టు, ఎంత గడువు

రాష్ట్ర ఉద్యోగాలకు ఒకప్పుడు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది. రెండు రాష్ట్రాల్లోనూ అది రద్దయింది. కాబట్టి పబ్లిక్ సర్వీస్ కమిషన్, పోలీస్ నియామక మండలి, డీఎస్సీ లాంటి వాటిమీద రాజ్యాంగం 226వ అధికరణం కింద నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ (ప్రభుత్వ సంస్థ చేసిన తప్పును సరిదిద్దమని కోరేది) వేయాలి. తెలంగాణవాళ్లకు హైదరాబాద్, ఏపీవాళ్లకు అమరావతిలోని నేలపాడు. రైల్వే, తపాలా, ఇతర కేంద్ర ప్రభుత్వ శాఖల ఉద్యోగాలైతే ముందు సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కే వెళ్లాలి, దానికి హైదరాబాద్‌లో బెంచ్ ఉంది. అక్కడ ఓడితేనే హైకోర్టు. బ్యాంకులు, కొన్ని ప్రభుత్వరంగ సంస్థల విషయం వేరువేరుగా ఉంటుంది, లాయర్‌తో ముందే ఖాయం చేసుకోండి. తప్పు చోట వేస్తే నెలలు పోతాయి.

ట్రిబ్యునల్‌లో గడువు ఒక ఏడాది. హైకోర్టు రిట్‌కు చట్టంలో గడువు లేదు. దీన్ని చూసి నిదానించిన వాళ్లే ఎక్కువగా నష్టపోతారు. కారణం చెప్పలేని ఆలస్యం ఉంటే కోర్టు లోపలికి వెళ్లకుండానే పిటిషన్ కొట్టేయొచ్చు. నా మాట వింటే, సెలెక్షన్ లిస్టు వచ్చిన రెండు మూడు వారాల్లో, నియామక పత్రాలు ఇవ్వకముందే వేయండి. సెలెక్ట్ అయినవాళ్లు ఉద్యోగంలో చేరి ట్రైనింగ్‌కు వెళ్లిపోయాక వెనక్కి తిప్పడానికి ఏ కోర్టుకైనా మనసొప్పదు.

తప్పు నోటిఫికేషన్‌లోనే ఉంటే పరీక్షకు ముందే వెళ్లాలి. అన్నీ తెలిసి పరీక్ష రాసి, ఫెయిలయ్యాక పద్ధతి బాగోలేదంటే కుదరదని 1995లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2019లో మీతా సహాయ్ తీర్పు కొంత ఊరటనిచ్చింది. పరీక్షకు కూర్చున్నంత మాత్రాన అందులోని చట్టవిరుద్ధమైన పనులను కూడా ఒప్పుకున్నట్టు కాదని చెప్పింది. అయినా దానిమీదే భరోసా పెట్టుకుని ఆగకండి.

"ఎవరో కేసు వేశారు కదా, గెలిస్తే మనకూ వర్తిస్తుంది" అనుకోవడం కూడా ప్రమాదమే. పిటిషనర్లకే పరిమితం చేసి ఇచ్చే ఉత్తర్వులు చాలా ఉంటాయి. గట్టుమీద కూర్చున్నవాళ్లకు తర్వాత తలుపు తెరుచుకోకపోవచ్చు.

లాయర్, డబ్బు, గ్రూపులు

సర్వీస్ కేసులు రోజూ వాదించే లాయర్‌నే వెతకండి. ఊళ్లో సివిల్ కేసులు బాగా చేసే లాయర్‌కి రోస్టర్, జోన్ల గొడవ అలవాటు ఉండకపోవచ్చు. ఫీజు దేనికెంతో ముందే మాట్లాడుకోండి: పిటిషన్ వేయడానికి, వాదనలకు, అప్పీలు వస్తే దానికి.

ఒకే సమస్య ఉన్నవాళ్లు కలిసి ఒక పిటిషన్ వేసుకోవచ్చు, ఖర్చు పంచుకోవచ్చు. కానీ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో "కేసు వేస్తున్నాం, డబ్బు పంపండి" అన్న ప్రతి పిలుపుకీ పంపకండి. వకాలత్ (మీ తరఫున వాదించే అధికారం లాయర్‌కి ఇచ్చే పత్రం) మీద మీరే సంతకం చేయాలి, అఫిడవిట్ మీరు చదవాలి, పిటిషన్ నంబర్ తీసుకుని హైకోర్టు వెబ్‌సైట్‌లో మీ పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఉద్యోగం లేక టెన్షన్‌లో ఉన్న పిల్లల దగ్గర ఇలా డబ్బు వసూలు చేసి మాయమయ్యేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

డబ్బు లేదని ఆగిపోకండి. న్యాయసేవల చట్టం, 1987 ప్రకారం మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. హైకోర్టు న్యాయసేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇంకొక మాట. ఉద్యోగాల వివాదాల్లో ప్రజాప్రయోజన వ్యాజ్యం చెల్లదు. సంఘం పేరుతోనో, సానుభూతిపరుడి పేరుతోనో కాక, నష్టపోయిన అభ్యర్థే రావాలి.

పిటిషన్‌లో ఏం ఉండాలి

రాసేది లాయరే అయినా మీరు చూసుకోవాల్సినవి ఉన్నాయి. ప్రతివాదులుగా ప్రభుత్వాన్ని, కమిషన్‌ను చేర్చి వదిలేస్తే సరిపోదు. మీరు గెలిస్తే ఎవరి ఉద్యోగానికి ఎసరు వస్తుందో వాళ్లలో కనీసం కొందరినైనా చేర్చాలి. వాళ్ల మాట వినకుండా కోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు ఇవ్వదు, 1984 నాటి ప్రబోధ్ వర్మ కేసు నుంచి ఇది స్థిరపడిన మాట. ఎంతో బలమైన పిటిషన్లు ఈ ఒక్క లోపం వల్ల పోయాయి.

"నాకు ఉద్యోగం ఇప్పించండి" అని నేరుగా అడగడం బలహీనమైన కోరిక. లిస్టులో పేరున్నంత మాత్రాన కూడా నియామకం హక్కు కాదని 1991లో శంకర్‌సన్ దాస్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయితే సరైన కారణం లేకుండా పోస్టులు ఇష్టమొచ్చినట్టు నింపకుండా వదిలేయడానికి కూడా అది ఒప్పుకోలేదు. కాబట్టి ఫలానా నిబంధన ప్రకారం లిస్టును మళ్లీ తయారు చేయాలని, అందులో నా పేరు పరిశీలించాలని అడగండి.

మొత్తం పరీక్ష రద్దు చేయమని అడగాలా అన్నది బాగా ఆలోచించండి. తప్పు చేసినవాళ్లను వేరుచేయగలిగితే మిగతావాళ్లను శిక్షించకూడదని సీబీఐ కానిస్టేబుళ్ల ఎంపిక విషయంలో 2003లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ సమస్య ఒక రోస్టర్ పాయింటో రెండు ప్రశ్నలో అయితే దానికే పరిమితం కండి. అంతా కుళ్లిపోయిందని చూపించే ఆధారం ఉన్నప్పుడే రద్దు అడగండి.

మధ్యంతర ఉత్తర్వుల కోసం వేసే అప్లికేషన్ పిటిషన్ అంత ముఖ్యమైనది. మొత్తం నియామకాలమీద స్టే రావడం కష్టం. "నాకోసం ఒక పోస్టు ఖాళీగా ఉంచండి", "నియామకాలు తుది తీర్పుకు లోబడి ఉండాలి" అని అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. ఈ రెండో ఉత్తర్వు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రెండేళ్ల తర్వాత తీర్పు వచ్చినప్పుడు "వాళ్లు ఎప్పుడో చేరిపోయారు" అన్న వాదనను అడ్డుకునేది అదే.

పేపర్ లీక్, డబ్బు చేతులు మారడం లాంటివి నేరాలు. రిట్‌తో పాటు పోలీసులకు ఫిర్యాదు కూడా ఇవ్వాలి. రాష్ట్ర పరీక్షలకు 1997 నాటి చట్టం ఉంది. యూపీఎస్సీ, ఎస్సెస్సీ, రైల్వే, ఐబీపీఎస్ పరీక్షలకు 2024 జూన్ 21 నుంచి కొత్త కేంద్ర చట్టం అమల్లోకి వచ్చింది. వ్యవస్థీకృతంగా చేస్తే 5 నుంచి 10 ఏళ్ల జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా.

వేశాక

రోజూ కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసుకోండి. కమిషన్ కౌంటర్ (మీ పిటిషన్‌కు జవాబు) వేయగానే కాపీ అడిగి తీసుకుని లైను లైనూ చదవండి. అందులోని అంకెల్లో తప్పు పట్టగలిగేది మీరే, ఎందుకంటే ఆ లిస్టు మీకు తెలిసినట్టు లాయర్‌కి తెలియదు. దానికి రిప్లై అఫిడవిట్ ఆలస్యం కానివ్వకండి. ఈలోపు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలిస్తే వెళ్లండి, తర్వాతి నోటిఫికేషన్లకు అప్లై చేయండి, పరీక్షలు రాయండి. దానివల్ల కేసుకు ఏ నష్టమూ లేదు. వయోపరిమితి మాత్రం కేసు కోసం ఆగదు.

సింగిల్ జడ్జి తీర్పు అనుకూలంగా రాగానే అంతా అయిపోలేదు. అవతలివాళ్లు డివిజన్ బెంచ్‌కు రిట్ అప్పీల్ వేస్తారు, చాలాసార్లు అక్కడ స్టే వస్తుంది. అందుకే మీ మాట వినకుండా స్టే ఇవ్వొద్దని కోరే కేవియట్‌ను తీర్పు వచ్చిన వెంటనే వేసి పెట్టండి. మీరు ఓడితే మీకూ అదే దారి, గడువు 30 రోజులు. ఆపైన సుప్రీంకోర్టుకు 90 రోజులు.

తీర్పు ఖాయమయ్యాక సర్టిఫైడ్ కాపీ తీసుకుని, కవరింగ్ లెటర్‌తో కమిషన్‌కూ శాఖకూ ఇచ్చి రసీదు దాచుకోండి. తీర్పులో చెప్పిన గడువు లెక్క చాలాసార్లు కాపీ వాళ్లకు అందిన రోజు నుంచే మొదలవుతుంది. ఆ గడువు దాటినా కదలకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేయాలి. దానికీ ఏడాదే గడువు, కాబట్టి "రేపు మాపు చేస్తాం" అన్న నోటిమాటలకు ఆగకండి, ఏ జవాబైనా రాతపూర్వకంగానే తీసుకోండి.